లీదియా బిగించిన ములికి

దుబాయ్ అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఫుజైరాలో పన్ను నొప్పి వచ్చినవాళ్ళకి లీదియా తెలుసు. బొంగరం సరిగ్గా తిరగనివాళ్ళకి ఇంకా బాగా తెలుసు. మొదటివాళ్ళు ఏడుస్తూ వచ్చి ఏడుస్తూనే వెళతారు. రెండోవాళ్ళు బొంగరాన్ని బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టుకుని, ఆసుపత్రి వరండాలో కూర్చున్న చుట్టాల్లాగా మొహాలు వేలాడేసుకుని వచ్చి, నవ్వుతూ వెళతారు. నలభై నాలుగేళ్ళ ఆడమనిషి, పైగా నర్సు, బొంగరాలు బాగుచేయడమేమిటని నోరెళ్ళబెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ బొంగరం ఆగిపోయిన రోజున వాళ్ళూ డబ్బా పట్టుకుని ఆమె ఇంటి మెట్లే ఎక్కారు.

బొంగరమంటే కొయ్యకి మేకు దిగ్గొట్టిన పిల్లల ఆట వస్తువు అనుకునేవాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. ఇప్పుడు పెద్దవాళ్ళు పందేలకి తిప్పే బొంగరాలు వేరు. అంచు చుట్టూ ఇత్తడి కట్టు ఉంటుంది. అడుగున శనగగింజంత బేరింగు, దాని నడుమ చిన్న ములికి. ములికి కింద నిలబడి ఉంటే ఒళ్ళు దాని చుట్టూ తిరుగుతుంది. బేరింగులోని గుండ్ల మధ్య ఒక్క నలుసు పడినా, ములికి మొన కాస్త అరిగినా, అంత ఖరీదైన బొంగరమూ తాగినవాడిలా తూలి పడుతుంది. ఆ నలుసు ఎక్కడుందో, మొన ఎంత అరిగిందో కంటితో చూడకుండా చెవితో చెప్పగలిగే మనిషి ఆ తీరం మొత్తానికి లీదియా ఒక్కతే.

ఆ చెవి ఆమెకి ఊరికే రాలేదు. పాలకొల్లు పక్క పల్లెలో పుట్టి, నర్సింగు చదివి, 2009లో ఫుజైరా వచ్చింది. పెద్దాసుపత్రిలో ఉద్యోగమన్నారు, తీరా దిగాక పళ్ళ క్లినిక్కులో పడేశారు. "ప్రాణాలు కాపాడదామని వస్తే పళ్ళపొడి ఊడుస్తున్నానమ్మా" అని తల్లికి ఫోన్లో చెప్పుకుని ఏడ్చింది. కానీ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. డాక్టరు చేతిలో గిర్రుమని తిరిగి పన్ను తొలిచే డ్రిల్లు ఉంటుందే, దాని తలలో కూడా అలాంటి చిన్న బేరింగే ఉంటుంది. పేషెంటు లేవగానే దాన్ని కడగాలి, నూనె చుక్క వేయాలి, ఆవిరి యంత్రంలో పెట్టాలి. రోజుకి ఇరవైసార్లు, ఏడాదికి మూడొందల రోజులు ఆ పని చేసేసరికి, బేరింగు చావబోతుంటే వచ్చే సన్నటి రొద ఆమెకి గది అవతలినుంచే తెలిసిపోయేది. ఈజిప్టు డాక్టరు మొదట్లో నమ్మలేదు. మూడుసార్లు ఆమె మాట పెడచెవిన పెట్టి, మూడుసార్లూ పేషెంటు నోట్లో డ్రిల్లు ఆగిపోయాక, "లీదియా చెప్పిందంటే ఖలాస్, బేరింగు మార్చండి" అనడం నేర్చుకున్నాడు.

భర్త విల్సన్ మూడేళ్ళ తర్వాత వచ్చాడు. ఓడలకి నూనె నింపే కంపెనీలో స్టోరు చూసే పని. నరసాపురం మనిషి, ఆజానుబాహువు. చర్చిలో పాట అందుకుంటే కిటికీ అద్దాలు ఊగుతాయి. నలుగురు చేరితే నవ్విస్తాడు, ఎవరికి కష్టమొచ్చినా ముందు బయలుదేరతాడు. చెడ్డవాడని అతన్ని ఎవరూ అనలేదు, ఇప్పటికీ అనరు. చిన్నప్పుడు నరసాపురంలో బొంగరం విసరడంలో అతనిది పెట్టింది పేరు. ఇక్కడికి వచ్చేటప్పుడు పెట్టె అడుగున చింతకర్ర బొంగరం ఒకటి బట్టల్లో చుట్టి తెచ్చుకున్నాడు. చాలా ఏళ్ళు అది అక్కడే ఉంది.

2020లో కరోనా వచ్చి క్లినిక్కు మూతపడింది. ఓడరేవులో కూడా విల్సన్‌ని వారానికి రెండు రోజులే రమ్మన్నారు. ఒక్క గది ఇంట్లో ఇద్దరూ ఎంతసేపని మొహాలు చూసుకుంటారు? విల్సన్ పెట్టె అడుగునుంచి బొంగరం తీశాడు. వరండాలో విసిరితే మేకు పలకల మీద గీతలు పెట్టింది. బిల్డింగు నాతూర్ ఫకీర్ సాహెబ్ కేకలేసుకుంటూ పైకొచ్చాడు. గేటు దగ్గర కాపలా ఉండే ఆ ముసలాయనకి ఆ పలకలంటే ప్రాణం.

"యా విల్సన్, యే క్యా హై? పలకలు పగిలితే ముదీర్, అదే మేనేజరు, నా తల తీస్తాడు!"

విల్సన్ మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. ఆ మొహం చూడలేక లీదియా ఆలోచించింది. క్లినిక్కులో పారేసేముందు డాక్టరు తీసుకోమన్న పాత బేరింగులు ఒక డబ్బాలో ఉన్నాయి. పన్ను తొలిచే సూదులు విరిగినవి కొన్ని ఉన్నాయి. మేకు పీకి, ఆ కన్నంలో బేరింగు కూర్చోబెట్టి, సూది ముక్కని ఆకురాయితో గుండ్రంగా నూరి ములికిగా బిగించింది. పలక మీద గీత పడదు, చప్పుడు రాదు. చివర్లో, పదకొండేళ్ళుగా చేతికి అలవాటైనట్టే, క్లినిక్కు నూనె రెండు చుక్కలు వేసింది.

బొంగరం నలభై సెకన్లలో పడిపోయింది.

విల్సన్ పడీ పడీ నవ్వాడు. ఆమెకి పట్టుదల వచ్చింది. ములికి మార్చింది, బేరింగు మార్చింది. మార్చిన ప్రతిసారీ నూనె వేసింది. మూడో రోజున విసుగొచ్చి అన్నీ విప్పి స్పిరిట్టులో కడిగి ఆరబెట్టి, నూనె వేయకుండానే బిగించి విసరమంది. నాలుగు నిమిషాలు తిరిగింది. అప్పుడు అర్థమైంది. డ్రిల్లుని గాలి తోస్తూనే ఉంటుంది కాబట్టి నూనె దానికి అడ్డు కాదు. బొంగరానికి మనిషి చెయ్యి ఇచ్చిన ఒక్క ఊపే ఆస్తి, నూనె జిగురు ఆ ఊపుని మింగేస్తుంది. దాచేటప్పుడు నూనె ఉండాలి, లేకపోతే సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. తిప్పేముందు మాత్రం కడిగి పొడిగా ఉంచాలి. "డ్రిల్లుకి నూనె ప్రాణం, బొంగరానికి నూనె గండం" అని ఆమె అప్పటినుంచి డబ్బా పట్టుకుని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. వందసార్లు విని విల్సన్ కూడా ఆమె గొంతు పెట్టి చెప్పి నవ్వించేవాడు.

కరోనా పోయింది, బొంగరాలు మాత్రం పోలేదు. కల్బా నుంచి, షార్జా నుంచి, దుబాయ్ నుంచి మనుషులు రావడం మొదలైంది. డ్రైవర్లు, ఇంజనీర్లు, తెలుగువాళ్ళు, మలయాళీలు, పాకిస్తానీలు, అందరూ ఒకప్పుడు వీధుల్లో బొంగరం ఆడినవాళ్ళే. బర్ దుబాయ్‌లో ఉండే జగన్మోహనరావు అనే ఇంజనీరు వాళ్ళందరినీ పోగుచేసి, 2022 నుంచి ఏటా అక్కడే మేడ మీది ఒక హాల్లో పందెం పెట్టసాగాడు. ఎవరి బొంగరం ఎక్కువసేపు తిరిగితే వాళ్ళది గెలుపు. మొదటి ఏడు విల్సన్ మూడోవాడు. రెండో ఏడు మొదటివాడు. వెండిపూత కప్పు ఎత్తి పట్టుకుని ఫొటో దిగాడు. మైకులో అతని పేరు మారుమోగింది.

ఆ ఫొటో చూసి, ఏలూరులో నర్సింగు చదువుతున్న కూతురు ఫేబా వీడియో కాల్లో అడిగింది. "అమ్మా, ఇందులో నువ్వెక్కడున్నావే?"

"నేను పక్కన బల్ల దగ్గర ములుకులు మారుస్తున్నానే."

"ఎవరివి?"

"అందరివీ."

"నీది?"

లీదియా నవ్వేసి మాట మార్చింది. కానీ ఆ మాట ఆమెలో ముల్లులా ఉండిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఆమె ఏనాడూ అనుకోలేదు, విల్సన్ సోకు తన సోకే అనుకుంది. అయినా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తాను బిగించిన ములికి మీద తాను విసిరిన బొంగరం తన పేరుతో తిరగాలని కోరిక పుట్టింది. ఏడాదిపాటు మధ్యాహ్నం విరామంలో క్లినిక్కు వెనక గదిలో విసరడం నేర్చుకుంది. మొదట్లో బొంగరం మందుల బీరువాకి తగిలేది, తర్వాత గోడకి, తర్వాత దేనికీ తగలకుండా నిలబడింది. 2024 ఫిబ్రవరి పందేనికి జగన్మోహనరావుకి ఫోన్ చేసి పేరు రాయించింది.

విల్సన్‌కి చెప్పినప్పుడు అతను ఒక్క క్షణం ఆగి, "ఓసి నీ దుంప తెగ! నాతోనే పందెమా?" అని నవ్వాడు. బజారుకెళ్ళి ఆమె కోసం కొత్త తాడు కొనుక్కొచ్చాడు. విసిరేటప్పుడు మణికట్టు ఎక్కడ ఆపాలో పక్కన నిలబడి చూపించాడు. లీదియాకి కడుపు నిండిపోయింది. ఇలాంటి మగవాడు ఎందరికి దొరుకుతాడని ఆ వారమంతా క్లినిక్కులో చెప్పుకుని మురిసింది.

శనివారం సాయంత్రం రెండు బొంగరాలూ బల్ల మీద పెట్టింది. రెండు బేరింగులూ స్పిరిట్టులో మూడుసార్లు కడిగి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆరబెట్టింది. రెండు ములుకులూ కొత్తవి బిగించింది. గాజు పలక మీద ముందు విల్సన్ విసిరాడు. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. తర్వాత ఆమె విసిరింది. విల్సన్ ఫోన్ పట్టుకుని సమయం చూస్తున్నాడు. బొంగరం ఉన్నచోటనే నిద్రపోతున్నట్టు నిలబడింది. ఎనిమిది దాటింది, ఎనిమిదీ నలభై దాటింది.

"ఎంతైందండీ?"

"తొమ్మిది నిమిషాల పన్నెండు" అన్నాడు విల్సన్. ఫోన్ జేబులో పెట్టుకుని, "బాగానే బిగించావు" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె చేతులు కడుక్కుని బొంగరాలు డబ్బాల్లో పెట్టింది. తన డబ్బా మీద తన పేరు రాసిన కాగితం అంటించింది. ఆ ఒక్క కాగితం అంటించడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

ఆదివారం పొద్దున్నే, చర్చి మానినందుకు దేవుడికి క్షమాపణ చెప్పుకుని, చపాతీలు చుట్టుకుని బయలుదేరారు. డబ్బాలు కారులో పెట్టింది విల్సనే.

హాల్లో యాభై మంది దాకా ఉన్నారు. మధ్యలో తెల్ల గీతతో పెద్ద గిరి గీసి, అందులో గాజు పలక పరిచారు. ఉదయం ఒక్కొక్కరికీ ఒక్కో విసురు, ఎక్కువసేపు తిరిగిన ఆరుగురికి మధ్యాహ్నం ఫైనలు. విల్సన్ బొంగరం ఎనిమిది నిమిషాలు తిరిగింది. చివర్లో పలక మీదినుంచి జారి సిమెంటు నేల మీద పడింది కానీ, ఆరుగురిలో పేరు ఖాయమైంది. తర్వాత జగన్మోహనరావు మైకులో, "ఇన్నాళ్ళూ మన బొంగరాలకి ప్రాణం పోసిన లీదియాగారు ఈసారి తనే బరిలోకి దిగుతున్నారు!" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆమె బాగుచేసిన బొంగరాలతో వచ్చినవాళ్ళే సగంమంది. ఈలలు కూడా వేశారు.

లీదియా తాడు చుట్టింది. మణికట్టు ఆపాల్సిన చోట ఆపింది. బొంగరం పలక నడిమధ్యన దిగి నిలబడింది. ఇంకోసారి చప్పట్లు.

మొదటి అరనిమిషంలోనే ఆమెకి వినిపించింది. గొంతులో కఫం పట్టినట్టు ఒక బరువు. ఎవరికీ వినపడని బరువు. నిమిషానికి బొంగరం తల ఊపడం మొదలుపెట్టింది. నిమిషం యాభై సెకన్లకి పక్కకి ఒరిగి, ఇత్తడి కట్టు గాజుకి తగిలి, పడిపోయింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జగన్మోహనరావు మైకులో ఏదో ఓదార్పు మాట అన్నాడు. ఆమె బొంగరం ఏరుకుని, ఎప్పుడూ కూర్చునే మూల బల్ల దగ్గరికి వెళ్ళి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

విల్సన్ వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "పోన్లే లీదియా. చేతి అలవాటు ఎక్కడికి పోద్ది? నూనె వేసేసి ఉంటావు. వచ్చే ఏడు చూసుకుందాంలే."

ఆమె తలూపింది. ట్వీజర్ తీసి ములికి విప్పింది. గుండ్ల మధ్య నూనె తళతళలాడింది. వేలికి అంటించుకుని వాసన చూసింది. క్లినిక్కు నూనే. అది తన ఇంట్లో, తన సొరుగులో తప్ప ఈ హాల్లో ఎవరి దగ్గరా ఉండదు.

ఇక తన చేతుల్ని తిట్టుకోవడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్ళ అలవాటు. కడగడం, నూనె వేయడం, పెట్టడం. నిన్న సాయంత్రం పేరు రాసిన కాగితం అంటించే సంతోషంలో వేసేసిందేమో! ఊరందరికీ సుద్దులు చెప్పి తన బొంగరానికే గండం తెచ్చుకుంది. చిన్నప్పటినుంచి బొంగరం తిప్పిన మొగుడు ఓదారుస్తుంటే సిగ్గేసింది. తప్పు తనదేనని ఒప్పుకుని, మనసుని అక్కడ పడుకోబెట్టబోయింది.

కానీ మనసు పడుకోలేదు. నిన్న తిప్పి చూశాక చేతులు కడుక్కుంది కదా. కడుక్కున్న చేతులతో తిన్నగా డబ్బాలో పెట్టింది. సొరుగు తీసిన గుర్తు లేదు. ఆపైన ఇంకో సంగతి తట్టింది. విల్సన్ నూనె మాట అన్నప్పుడు ఆమె ఇంకా ములికి విప్పలేదు. లోపల ఏముందో అప్పటికి ఆమెకే తెలియదు.

"ఏవండీ" అంది. "నూనె ఉందని మీకెలా తెలుసు?"

విల్సన్ చపాతీ పొట్లం విప్పాడు, మళ్ళీ చుట్టాడు. చివరికి నవ్వు తెచ్చుకుని, "పొద్దున నువ్వు స్నానానికెళ్ళినప్పుడు నేనే రెండు చుక్కలేశానే. తిరగాలనే వేశాను. పోర్టులో ఏ మిషను చూసినా నూనె పొయ్యమనే కదా అంటారు. నాకేం తెలుసు?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ మాటకి లీదియా ప్రాణం లేచొచ్చింది. పిచ్చి మనిషి! మంచికే చేశాడు. ఇన్నేళ్ళు చెప్పినా చెవిన వేసుకోలేదన్న కోపం ఒక్కటే మిగిలింది, ఆ కోపం ఏ మొగుడి మీదైనా ఉండేదే. "మీ బుర్రలో మట్టి" అని తిట్టి ఊరుకుందామనుకుంది. అలా నమ్మడానికి ఆమె శాయశక్తులా ప్రయత్నించింది.

అప్పుడే సనావుల్లా వచ్చాడు. నిజామాబాదు మనిషి, కల్బాలో ట్యాంకరు నడుపుతాడు. ఆరుగురిలో తన పేరు కూడా వచ్చిందన్న సంతోషం మొహంలో పట్టడం లేదు.

"వదినా, నీ ముచ్చట అయితే మస్తు బాధనిపించింది. గానీ నేను షుక్రియా చెప్పాలె. పొద్దుగాల పార్కింగుల కుట్టుమిషన్ నూనె తీసి ఏస్తున్నా. విల్సన్ భాయ్ ఉరికొచ్చి నా చెయ్యి పట్టిండు. 'ఏయకురా, మా లీదియా చెప్పింది, బొంగరానికి నూనె గండం, రెండు నిమిషాలల్ల పడిపోతది' అన్నడు. భాయ్ జెప్పకుంటే నా పని ఖలాస్ ఉండె."

ఇద్దరి మొహాలూ చూసి, ఏదో తప్పు మాట్లాడానేమోనని జంకి, సనావుల్లా మెల్లగా జారుకున్నాడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చేయాలో మాత్రం ఏ సామెతా చెప్పలేదు. లీదియాకి కోపం రాలేదు. వచ్చి ఉంటే పట్టుకోవడానికి ఒక ఆధారం దొరికేది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి తడిగుడ్డతో గొంతు కోశాడు. కోసిన చేత్తోనే భుజం తట్టి, తప్పు నీదేనని నమ్మించబోయాడు. ఆమె నమ్మింది కూడా. అదే అన్నిటికన్నా ఎక్కువగా మండింది.

"ఎందుకండీ?" అంది.

విల్సన్ తల వంచుకుని మాట్లాడాడు. "పోర్టులో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు లీదియా. 'ఏయ్ స్టోర్' అంటారు. పన్నెండేళ్ళబట్టీ అంతే. బయటికొస్తే బొంగరాల లీదియా మొగుడంటారు. ఇక్కడ మైకులో ఒక్కటే నా పేరు వినపడేది. నిన్న తొమ్మిది నిమిషాలు తిరిగేసరికి... ఇదీ పోద్దనిపించింది."

"ఒక్క మాట అడిగుంటే పేరు వెనక్కి తీసుకునేదాన్ని కదండీ."

అతను తాడు కొసని వేలికి చుట్టుకుంటున్నాడు.

"నవ్వుతూ తీసుకునేదాన్ని. మీకు తెలుసు ఆ సంగతి. తెలిసీ అడగలేదు."

భోజనాలయ్యాక ఫైనలుకి పిలుపు వచ్చింది. విల్సన్ తన బొంగరం చూసుకున్నాడు. పొద్దున సిమెంటు మీద పడ్డప్పుడు ములికి మొన చెదిరింది, దానితో రెండు నిమిషాలు కూడా తిరగదు. అతను హాలంతా చూశాడు. మళ్ళీ బల్ల వైపు చూశాడు. ఆ మొహంతో ఎలా అడిగాడో గానీ, బొంగరం ఆమె ముందు పెట్టి, "ఒక్కసారి చూడవా" అన్నాడు.

ఆమె చూసింది. ములికి విప్పింది. బేరింగు స్పిరిట్టులో ముంచి కడిగింది, ఊదింది, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పి విన్నది, మళ్ళీ కడిగింది. తన కోసమని నెలరోజులు నూరి పెట్టుకున్న ములికి ఇంకొకటి ఉంది. దాన్ని బిగించింది. ఎందుకు చేసిందంటే, ఒక నూనె చుక్క వేయడం ఆమెకి చేతకాక కాదు. తన బొంగరంలో ఉన్న నూనే ట్వీజరు మొనతో అంటిస్తే చాలు. పని చెడగొట్టడం అనేది ఆ చేతులు ఎప్పుడూ నేర్చుకోలేదు, ఆ వయసులో నేర్చుకోవాలని ఆమెకి అనిపించలేదు. బిగించి, తుడిచి, అతని చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టింది.

ఫైనల్లో విల్సన్ చివరివాడు. అప్పటికి పెద్ద సమయం ఏడు నిమిషాల యాభై సెకన్లు. జగన్మోహనరావు మైకులో నియమం చదివాడు. విసిరినవాడు బొంగరం పడేదాకా గిరిలోనే నిలబడాలి, గీత దాటితే ఆట రద్దు. విల్సన్ విసిరాడు. ఆ విసురులో వంక పెట్టడానికి లేదు. బొంగరం పలక మీద దిగి, ఒక్క కదలిక లేకుండా నిలబడిపోయింది. చప్పుడు లేదు. లీదియా చెవికి కూడా ఏమీ వినపడలేదు. ఇన్నేళ్ళలో ఆమె చేసిన పనుల్లో అంత శుభ్రమైన పని ఇంకొకటి లేదు.

ఒకటి, రెండు, మూడు నిమిషాలు. విల్సన్ దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లీదియా అతనికి ఎదురుగా కూర్చుంది. అతను బొంగరం వంక చూశాడు, కప్పు వంక చూశాడు, గోడ వంక చూశాడు. ఆమె వంక చూడడానికి నాలుగు నిమిషాలు పట్టింది. చూశాక మళ్ళీ తల దించుకున్నాడు.

ఐదో నిమిషంలో ఆమె లేచింది. ట్వీజరు, స్పిరిట్టు సీసా, ఆకురాయి సంచిలో వేసుకుంది. బురఖాలు, కుర్చీలు, పిల్లల బళ్ళు తప్పించుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి, ఆగి వెనక్కి తిరిగింది. విల్సన్ చూస్తున్నాడు. అతనికి అర్థమైంది. ఆమె కారు దగ్గరికి వెళ్ళడం లేదని, మెట్రో ఎక్కి యూనియన్ స్టేషన్‌లో దిగి ఫుజైరా బస్సు పట్టుకుంటుందని అతనికి తెలిసిపోయింది. ఒక అడుగు వేశాడు. కాలు తెల్ల గీత దగ్గరికి వచ్చింది.

"విల్సన్! విల్సన్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఇంకో నలుగురు అందుకున్నారు.

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు.

లీదియా మెట్లు దిగి వీధి తలుపు దగ్గర నిలబడింది. బొంగరం ఇంకా నాలుగు నిమిషాలు తిరుగుతుందని ఆమెకి తెలుసు, తన పని తనకి తెలియకపోవడమేమిటి. ఆ నాలుగు నిమిషాలూ అతనికి ఇద్దామనుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం విన్నది. మీనాబజారు వైపు నుంచి గుడ్డల మూటలతో మనుషులు వచ్చారు, పోయారు. చివరికి పైన హాలు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి, మైకులో భర్త పేరు వినిపించింది. అది పూర్తిగా విని, ఆమె మెట్రో స్టేషన్ వైపు నడిచింది.